పంట ఎవరు వేశారో ముందు రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో ఒక పల్లె. నేనూ మా ఆయనా భూమి కౌలుకు తీసుకుని వ్యవసాయం చేస్తాం. ఇంటర్ దాకా చదువుకున్నాను కాబట్టి ఇంట్లో లెక్కలూ కాగితాలూ నేనే చూస్తాను. ప్రభుత్వం పంట పెట్టుబడికి ఇచ్చే రైతు భరోసా డబ్బులు పడిన ప్రతిసారీ మీ పేపర్లోనూ మిగతా పేపర్లలోనూ ఎన్ని వేల కోట్లు విడుదలయ్యాయో, ఎన్ని లక్షల ఖాతాల్లో పడ్డాయో చదువుతున్నాను. ఆ భూముల్లో ఈ ఏడు విత్తనం వేసింది ఎవరన్నది మాత్రం ఏ వార్తలోనూ కనిపించదు. అది మీ తప్పు కాదు. ప్రభుత్వం దగ్గరే ఆ లెక్క లేదు. ఆ లెక్క రాయించమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు మా సంగతి చెబుతాను. మా అత్తమ్మ పేరు మీద 20 గుంటలు, అంటే అరెకరం భూమి ఉంది. దాంతో ఇల్లు గడవదు కాబట్టి ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాం. అందులో మూడెకరాలు హైదరాబాద్‌లో ఉంటున్న ఒక రిటైర్డ్ ఉద్యోగిది. ఆయన్ని సారు అంటాం. అక్కడ పత్తి వేస్తాం. మిగతా రెండెకరాలు మా ఊళ్లోనే ఉండే ఒక పెద్దమ్మది. బోరు ఉంది కాబట్టి మిర్చి వేస్తాం. పత్తి భూమికి ఎకరం 15 వేలు, నీళ్లున్న మిర్చి భూమికి ఎకరం 30 వేలు కౌలు. మొత్తం లక్షా ఐదు వేలు. ఉగాది దాటాక మాట అనుకుంటాం, వానలు పడకముందే డబ్బు చేతిలో పెట్టాలి. పంట పండినా ఎండినా ఆ డబ్బు తిరిగి రాదు.

ఆ లక్షా ఐదు వేలూ మా దగ్గర ఉండవు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. అంటే నెలకు 2,100. మిర్చి కోసి, ఎండబెట్టి, ఖమ్మం యార్డుకు తోలేసరికి మళ్లీ మార్చి వస్తుంది. ఆ పది నెలలకూ ఒక్క కౌలు డబ్బు మీదే 21 వేల వడ్డీ అవుతుంది. విత్తనం, ఎరువులు, మందులు, కోత కూలీ అన్నీ దీనికి పైన. మిర్చికైతే ఎకరానికి లక్షన్నర దాటి ఖర్చవుతోంది.

2025 వానాకాలానికి ఎకరానికి ఆరు వేల చొప్పున రైతు భరోసా పడింది. సారుకు మూడెకరాలకు 18 వేలు, పెద్దమ్మకు రెండెకరాలకు 12 వేలు. మా అత్తమ్మకు 20 గుంటలకు మూడు వేలు. అయిదున్నర ఎకరాల్లో దుక్కి దున్ని, విత్తనం పెట్టి, మందు కొట్టి, కలుపు తీసే మా ఇంటికి వచ్చిన పెట్టుబడి సాయం ఆ మూడు వేలే.

ఈ పథకం 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు పేరుతో మొదలైంది. అప్పుడు ఎకరానికి సీజన్‌కు నాలుగు వేలు. మరుసటి ఏడాది ఐదు వేలు చేశారు. ప్రభుత్వం మారాక 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఆరు వేలు చేశారు. పేరు మారింది, మొత్తం పెరిగింది, డబ్బు వెళ్లే ఖాతా మాత్రం మారలేదు. పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే. 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో ఆరు గ్యారంటీలు ప్రకటించినప్పుడు రైతులతో పాటు కౌలు రైతులకు కూడా ఎకరానికి ఏడాదికి 15 వేలు ఇస్తామన్నారు. మా ఊళ్లో కౌలుకు చేసేవాళ్లం చాలామందిమి ఆ ఒక్క మాట పట్టుకుని ఆశపడ్డాం. ఖజానాలో డబ్బు లేక 15 వేలు 12 వేలైందంటే అర్థం చేసుకోగలం. కౌలు రైతు అన్న మాటే ఎందుకు జారిపోయిందో ఎవరూ చెప్పడం లేదు.

భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు అన్నారు. మంచి పథకమే. కానీ అది ఉపాధి హామీలో 20 రోజులు పని చేసిన, సెంటు భూమి కూడా లేని కుటుంబాలకు. మాకు 20 గుంటలు ఉంది కదా, మేం భూమి ఉన్నవాళ్ల కిందే లెక్క. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు కూడా భూమి పేరున ఉన్నవాళ్లకే, కౌలుదారులకు లేదు.

అయినా ఆరు వేల కన్నా మమ్మల్ని ఎక్కువ నలిపేసే సంగతి వేరే ఉంది. ఆ పాస్‌బుక్ ఇప్పుడు ఒక్క రైతు భరోసాకే కాదు, వ్యవసాయంలో ప్రతిదానికీ తాళం చెవి అయింది.

యూరియా సంగతే చూడండి. 2025 ఆగస్టులో యూరియాకు ఎంత కరువొచ్చిందో మీ పేపర్లోనే ఫోటోలు వేశారు. తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు లైన్లో పెట్టి కూర్చున్నాం. మా అత్తమ్మ పాస్‌బుక్‌లో 20 గుంటలే ఉన్నాయి కాబట్టి ఒక్క బస్తా ఇచ్చారు. ఐదెకరాలు కౌలుకు చేస్తున్నామని చెబితే కాగితం చూపించమన్నారు. సారు తన పాస్‌బుక్ ఫోటో వాట్సాప్‌లో పంపారు. ఫోన్లో చూపిస్తే కుదరదు, జిరాక్స్ కావాలన్నారు. జిరాక్స్ తీయించుకుని వచ్చేసరికి లోడు అయిపోయింది. తర్వాత బయట షాపులో కొన్నాం. 266 రూపాయల బస్తాకు అంతకన్నా చాలా ఎక్కువ పెట్టాం, పైగా మాకు అక్కర్లేని మందు డబ్బా ఒకటి కూడా తీసుకుంటేనే ఇస్తామన్నారు. పైరు ఎదిగే వేళ యూరియా వారం ఆలస్యమైతే ఏమవుతుందో వ్యవసాయం చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పత్తి అమ్మకం ఇంకో కథ. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. బయట వ్యాపారి ఏడు వేల లోపే అడిగాడు. మద్దతు ధరకు అమ్మాలంటే ఫోన్లో యాప్ పెట్టుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. మాకు అంత తెలియక పక్కింటి డిగ్రీ పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని చేయించాం. అన్నీ నింపాక ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ పట్టాదారు నంబరుకు వెళ్తుంది. సారుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాం. ఆ పిల్లాడు "టైం అయిపోతోంది అక్కా, టైం అయిపోతోంది" అంటుంటే మా ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. సారు కూతురింట్లో ఏదో ఫంక్షన్‌లో ఉన్నారట, ఫోన్ సైలెంట్‌లో ఉంది. రాత్రికి చూసుకుని ఆయనే ఫోన్ చేశారు, పాపం నొచ్చుకున్నారు కూడా. అప్పటికి ఆ వారం స్లాట్లు నిండిపోయాయి. పత్తి ఇంట్లో బోరాల్లో ఉంది, పక్కన మిర్చికి మందు కొట్టడానికి డబ్బు కావాలి. సగం పత్తి వ్యాపారికే వేశాం. మిగతాది తర్వాతి స్లాట్‌లో తోలాం.

తోలిన పత్తి డబ్బు కూడా సారు ఖాతాలోనే పడింది. ఆయన మంచి మనిషి, పడిన రోజే మాకు ఫోన్‌పే చేశారు. ఊళ్లో అందరికీ అలాంటి ఆసామి దొరకడు. వచ్చే ఏడు కౌలు ఇందులోనే పట్టుకుంటానని ఆపుకున్నవాళ్లు ఉన్నారు. ఖాతాలో పడగానే బ్యాంకువాళ్లు పట్టాదారు పాత బాకీ కింద జమ చేసుకుంటే, ఆసామీ కౌలుదారూ ఇద్దరూ తలలు పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. వడ్లు వేసినవాళ్లదీ ఇదే గోస. సన్న వడ్లకు ఇచ్చే 500 బోనస్ కూడా ఎవరి పాస్‌బుక్ మీద అమ్మితే వాళ్ల ఖాతాకే వెళ్తుంది. బోనస్ అడిగితే "అది గవర్నమెంటు నాకిచ్చింది" అనే ఆసాములు ఉన్నారు. వాళ్ల మాట కాదనడానికి మా దగ్గర ముక్క కాగితం లేదు.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చింది. మా పత్తి సరిగ్గా పగిలి తీతకు వచ్చిన సమయం. వాన తగ్గాక చేలోకి వెళ్తే ప్రతి చెట్టుకూ పత్తి తడిసి తీగల్లా కిందికి సాగి వేలాడుతోంది. రెండు మూడు రోజులకు నల్లబడింది. చేతిలోకి తీసుకుని విప్పి చూస్తే లోపల గింజ మొలకెత్తి, తెల్లటి మొలక దూదిలోంచి బయటికి వచ్చింది. ఆ గింజ మీద పెట్టిన ప్రతి రూపాయీ మాది. నష్టం రాసుకోవడానికి వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చారు. చిన్న వయసు కుర్రాడు, మర్యాదగా మాట్లాడాడు. చేలో దిగి ఫోటోలు తీసుకున్నాడు, నన్నూ చెట్టు పక్కన నిలబెట్టి తీశాడు. తర్వాత "పట్టాదారు పాస్‌బుక్ నంబర్ చెప్పండి అమ్మా" అన్నాడు. చెప్పాను. రాసుకుని వెళ్లాడు. ఫోటోలో నేనున్నాను, కాగితంలో సారు ఉన్నారు. ఎకరానికి పది వేలు పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది ఏ పేరు మీద వస్తుందో ఆ రోజే మాకు అర్థమైంది.

2023 మార్చిలో వడగళ్ల వానకు మా జిల్లాలో మొక్కజొన్న అంతా నేలకొరిగింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మాకు దగ్గర్లోనే బోనకల్ మండలం రామాపురం వచ్చి చేలల్లో తిరిగారు. ఎకరానికి పది వేలు ఇస్తామని, కౌలు రైతులను కూడా ఆదుకుంటామని అక్కడే చెప్పారు. అంటే పెట్టుబడి పెట్టి నష్టపోయింది కౌలుదారు అని ప్రభుత్వాలకు తెలియక కాదు. ఏ ప్రభుత్వమైనా కష్టం కళ్ల ముందు ఉన్న రోజు ఆ మాట అంటుంది. ఆ మాట అమలు కావాలంటే కౌలుదారు పేరు అంతకుముందే ఒకచోట రాసి ఉండాలి. తుపాను వచ్చాక వెతుకుతామంటే దొరకదు. పంటల బీమా ఉంటే కొంత ఆసరా అయ్యేది, కానీ ఫసల్ బీమా నుంచి మన రాష్ట్రం 2020లోనే బయటికి వచ్చేసింది.

రుణమాఫీ గురించి కూడా ఒక్క మాట. 2024 ఆగస్టు 15న మూడో విడత రెండు లక్షల మాఫీని మన జిల్లా వైరాలోనే మొదలుపెట్టారు. మా ఊరి నుంచి ఎంతోమంది సంతోషంగా వెళ్లొచ్చారు. మాకు మాఫీ కావడానికి బ్యాంకు అప్పే లేదు. మా అప్పంతా బయటిది. అందులో సగం 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మిర్చిని తినేసినప్పటిది. ఆ ఏడు పూత మీద పూతగా రాలిపోతుంటే, ఎవరు ఏ మందు చెబితే అది కొట్టాం. షాపులో ఖాతా రాయించుకుని తెచ్చిన మందులు. ఆ బాకీ తీరకముందే 2025లో తేజ మిర్చి రేటు పడిపోయింది. పంట పెట్టడానికి అప్పు చేయడం అందరికీ ఉన్నదే. పాస్‌బుక్ ఉన్నవాళ్ల అప్పు బ్యాంకులో ఉంటుంది, ఏనాడో ఒకనాడు మాఫీ అవుతుంది. మాది షాపులోనూ వడ్డీ వ్యాపారి దగ్గరా ఉంటుంది, దానికి వడ్డీ మీద వడ్డీ తప్ప వేరే దారి లేదు.

రైతు బీమా కూడా అంతే. 59 ఏళ్లలోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు ఇచ్చే పథకం అది. ఎన్నో ఇళ్లను నిలబెట్టింది, కాదనను. మా వెనక బజారులో ఒకాయన అప్పుల బాధ తట్టుకోలేక చనిపోయాడు. ఆయన బతికినన్నాళ్లూ చేసింది వ్యవసాయమే. పేరున భూమి లేదు కాబట్టి బీమా లేదు. ఆయన భార్య ఇప్పుడు మాతో పాటు మిర్చి కోతకు వస్తోంది, పెద్ద పిల్ల చదువు ఆపేసింది. పాస్‌బుక్ ఉన్న ఇంట్లో అదే జరిగి ఉంటే పది రోజుల్లో ఐదు లక్షలు వచ్చేవి. ఆ ఒక్క తేడా నాకు నిద్ర పట్టనివ్వదు.

మాలాంటి వాళ్లం ఎంతమంది ఉంటామని ఎవరైనా అడగొచ్చు. రైతు స్వరాజ్య వేదిక 2022లో రాష్ట్రంలో చేసిన సర్వేలో సుమారు 36 శాతం మంది కౌలుదారులేనని తేలింది. అంటే వ్యవసాయం చేసే ముగ్గురిలో ఒకరికి పైగా. మా ఊళ్లో అయితే ఇంకా ఎక్కువే అనిపిస్తుంది.

ఇక్కడ భూమి ఇచ్చినవాళ్ల గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆ మిర్చి చేను పెద్దమ్మకు భర్త లేడు, కొడుకు ఎక్కడో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మేం ఇచ్చే కౌలు, ఏడాదికి వచ్చే 24 వేల రైతు భరోసా, ఇవే ఆమెకు ఆధారం. బీపీ, షుగర్ మందులు అందులోంచే. ఆమె నోటి దగ్గరిది తీసి నాకు పెట్టమని నేను అడగను. ఎవరైనా అలా అడిగితే ఒప్పుకోను కూడా. సారు సంగతి వేరు. ఆయనకు మంచి పెన్షన్ వస్తుంది. నెలకు పది వేలు, ఆపైన పెన్షన్ వచ్చేవాళ్లకు పీఎం కిసాన్ ఇవ్వరు కాబట్టి ఆయనకు అది రాదు. రైతు భరోసా మాత్రం వస్తుంది. ఆయనే ఒకసారి నాతో అన్నారు: "నాకు ఆ డబ్బు రాకపోయినా ఫర్వాలేదమ్మా. కానీ నీ పేరు గవర్నమెంటు కాగితంలో ఎక్కితే, రేపు ఈ భూమి నాది కాదంటే నేనేం చేయాలి?"

ఆ భయాన్ని తీసిపారేయకూడదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులు వచ్చాయి, కొందరు భూమికి యజమానులు కూడా అయ్యారు. ఆ రోజుల్లో దొరల కింద నలిగినవాళ్లకు అది న్యాయం. కానీ ఆ మాట తరాలు దాటి వచ్చి, ఇవాళ మూడెకరాల ఆసామిని కూడా భయపెడుతోంది. కౌలు కాగితం మీద రాస్తే భూమి పోతుందని మా ఊళ్లో చదువుకున్నవాళ్లే నమ్ముతారు. అందుకే అంతా నోటి మాట మీద నడుస్తుంది. కౌలుదారు కూడా నోరెత్తడు. ఎత్తితే వచ్చే ఉగాదికి ఆ భూమి ఇంకొకరికి వెళ్తుంది. ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని కోరడానికి కూడా అదే కారణం.

ఈ భయానికి మందు కూడా ఒకప్పుడు మన దగ్గరే తయారైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలుదారుకు ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇచ్చేవాళ్లు. భూమి యజమాని సంతకం పెట్టాల్సిన పని లేదు, ఊళ్లో విచారించి ఇస్తారు. ఆ కార్డు వల్ల భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే రాశారు. మొదట్లో మా మామయ్య ఆ కార్డు తీసుకున్నాడు. బ్యాంకు నుంచి కొద్దిపాటి లోను కూడా వచ్చింది. తర్వాత తర్వాత కార్డులు ఇచ్చేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ తగ్గిపోయారు.

సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త చట్టం చేశారు. అక్కడ సాగుదారు హక్కు పత్రం ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. నా పుట్టిల్లు ఎన్టీఆర్ జిల్లాలో. మా అన్నయ్య అక్కడ కౌలుకే చేస్తాడు. సంతకం పెట్టమంటే ఆసామి "ఊరికే చేసుకో అబ్బాయ్, కాగితాలెందుకు" అన్నాడు. అన్నయ్య మళ్లీ అడగలేదు. అడిగితే చేను పోతుందని ఆయనకు తెలుసు. పత్రం లేదు కాబట్టి అక్కడి పథకాలేవీ ఆయన దాకా రావు. అందుకే మన దగ్గర ఏం చేసినా ఆసామి సంతకంతో ముడిపెట్టవద్దని నా మనవి. సంతకం అడిగితే ఆ పథకం కాగితం మీదే ఉంటుంది.

కౌలుదారులు ఏటా మారుతుంటారు, వాళ్లను గుర్తించడం కష్టం అని చెబుతుంటారు. పంటలు కూడా ఏటా మారతాయి కదా. ఒక ఏడు పత్తి వేసిన చేలో మరుసటి ఏడు మొక్కజొన్న వేస్తాం. అయినా ప్రతి సీజన్‌లో విస్తరణ అధికారులు సర్వే నంబర్ల వారీగా పంట నమోదు చేస్తూనే ఉన్నారు. ఐదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున ఊళ్లలో ఉన్నారు. చేను దగ్గరికి వస్తున్నారు, ఫోటో తీస్తున్నారు. ఏ పంట వేశారు అని రాసుకునే చోట ఎవరు వేశారు అని కూడా రాసుకోవడానికి ఎంత సేపు పడుతుంది? మా ఊళ్లో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ట్రాక్టరు డ్రైవర్‌ను అడిగినా చెబుతాడు. మందుల షాపులో అడిగినా చెబుతారు. ఎవరైనా అబద్ధపు పేరు రాయిస్తారనుకుంటే, జాబితాను పంచాయతీ గోడ మీద అంటించి గ్రామసభలో చదవండి. నలుగురి ముందు అబద్ధం నిలబడదు.

ఊరి భూముల పాత రికార్డు పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు, అంటే సాగులో ఉన్నవాళ్ల కాలమ్ ఉండేది. ధరణి పోర్టల్ వచ్చాక అది పోయింది. ఇప్పుడు ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. భూభారతిలో నా పేరు ఎక్కించమని నేను అడగడం లేదు. అది భూమి హక్కుల పుస్తకం, అందులో సారు పేరే ఉండాలి, పెద్దమ్మ పేరే ఉండాలి. నేను అడిగేది పంట పుస్తకంలో చోటు. ఈ రెండింటినీ వేరు చేస్తే సారుకున్న భయానికి అర్థం ఉండదు. ఈ నమోదు ఆ సీజన్ వరకే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కుకూ ఆధారం కాదు అని ఉత్తర్వులోనే రాయండి. ఆ కాగితం ఒక కాపీ ఆసామికి కూడా పంపండి. ఆయన ధైర్యంగా ఉంటాడు.

అలా పేరు ఎక్కితే యూరియా ఆ నమోదు మీద ఇవ్వొచ్చు. పత్తి, వడ్లు మా ఓటీపీతో మేమే అమ్ముకుంటాం, డబ్బు మా ఖాతాలో పడుతుంది. తుపాను పరిహారం పంట వేసినవాళ్లకు నేరుగా వస్తుంది. రైతు బీమాలో మమ్మల్ని చేర్చడానికి ఒక ఆధారం దొరుకుతుంది. వీటిలో చాలావాటికి ప్రభుత్వానికి అదనంగా పైసా ఖర్చు కాదు. ఇస్తున్న డబ్బే, చేరాల్సిన చోటికి చేరుతుంది.

ఇక రైతు భరోసా. పెట్టుబడి సాయం అని పేరు పెట్టినప్పుడు అది పెట్టుబడి పెట్టే చేతికి రావాలి. ఇచ్చిన మాట కూడా అదే. పెద్దమ్మ లాంటి చిన్న ఆసాములకు ఇస్తున్నది అలాగే ఉంచండి, అలాంటి చోట కౌలుదారుకు వేరేగా ఎంతో కొంత ఇవ్వండి. పెన్షన్, జీతం, ఆదాయపు పన్ను ఉన్నవాళ్లు, పదుల ఎకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవాళ్ల భూముల దగ్గర మాత్రం ఆ డబ్బు సాగు చేసేవాళ్లకు మళ్లించాలి. పీఎం కిసాన్‌లో అలాంటి వాళ్లను పక్కన పెట్టడం మొదటి నుంచీ ఉన్నదే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. కౌలుదారులను గుర్తించి డబ్బు ఇవ్వడం కూడా కొత్త కాదు. ఒడిశాలో కాలియా పథకం మొదలుపెట్టినప్పుడే సన్నకారు రైతులతో పాటు కౌలుదారులనూ భూమి లేనివాళ్లనూ చేర్చారు. పశ్చిమ బెంగాల్‌లో కృషక్ బంధు కింద రికార్డులో ఉన్న, పంటలో వాటాకు సాగు చేసేవాళ్లకు కూడా ఇచ్చారు. అక్కడ రికార్డు ఉంది కాబట్టి ఇవ్వగలిగారు. మళ్లీ అదే మాటకు వస్తున్నాను, ముందు పేరు రాయాలి.

మా ఖమ్మం జిల్లాకు ఇందులో ఒక అవకాశం ఉంది. వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు గారు ఖమ్మం ఎమ్మెల్యే. ఆర్థిక శాఖ చూసే ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క గారు మా మధిర ఎమ్మెల్యే. రెవెన్యూ మంత్రి పొంగులేటి శ్రీనివాస్ రెడ్డి గారు పాలేరు ఎమ్మెల్యే. పంట నమోదు ఒకరి శాఖ, డబ్బు ఒకరి శాఖ, భూమి రికార్డు ఇంకొకరి శాఖ. ఈ పనికి కావాల్సిన మూడు శాఖలూ ఒకే జిల్లా వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ముగ్గురూ పల్లెలు తిరిగినవాళ్లే, కౌలు అంటే ఏమిటో వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. రాష్ట్రమంతా ఒకేసారి కష్టమనుకుంటే మా మధిర, బోనకల్ మండలాల్లో మొదలుపెట్టి చూడమని వారిని కోరుతున్నాను.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఈసారి రైతు భరోసా విడుదలైనప్పుడు ఏదో ఒక ఊరికి వెళ్లి, ఎంతమంది ఖాతాల్లో పడిందో దాని పక్కనే, ఆ భూముల్లో పంట వేసినవాళ్లు ఎంతమందో కూడా రాయండి. మా ఊరికి వస్తే నేనే చేలన్నీ తిప్పి చూపిస్తాను.

ఉగాదికి మళ్లీ కౌలు మాటలు మొదలవుతాయి. ఆలోపు ఉత్తర్వు వస్తే, జూన్‌లో పంట నమోదు మొదలయ్యేసరికి మా పేర్లు రాసుకోవడానికి వీలవుతుంది.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
మధిర మండలం, ఖమ్మం జిల్లా.
(నా పేరు, ఊరి పేరు ప్రచురించవద్దని మనవి.)